ఆ పది నిమిషాలు ఎవరు చూశారు

కాలేజీ క్వార్టర్స్, పై వాటా
జూన్ 11

అక్కకి,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటి వీడికి అనుకుంటావు. ఫోన్లో నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు ప్రశ్నలు వేస్తావు. కాగితం మీద అయితే చచ్చినట్టు చివరిదాకా చదవాలి. అందుకే.

కవర్లో ఉన్న ఆరు పేజీలూ నావే. అచ్చయ్యాయి! జర్నల్ పేరు చూశావా, అట్ట మీద రెండు వరుసలు పట్టింది. మొదటి మాటే "అంతర్జాతీయ". ఎడమవైపు నా పేరు, కింద కాలేజీ పేరు. వెనక్కి తిప్పి తిప్పి చూసుకుంటున్నాను, నవ్వకు.

విషయం నీకు దగ్గరదే. ఆకుపచ్చ మందు ఒకటి కొత్తగా వచ్చింది. కంపెనీవాళ్ళు మా ల్యాబుకి నమూనా డబ్బాలు ఇచ్చారు. కత్తెరలకీ పట్టకార్లకీ క్రిములు పట్టించి, ఆ మందులో పది నిమిషాలు నానబెట్టి చూశాం. ఒక్క క్రిమి మిగల్లేదు. రెండు వందల నలభై సార్లు చేశాం, ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. నువ్వు ఆ ఆవిరి యంత్రం ముందు ముప్పావుగంట చొప్పున కూర్చుంటావే, ఆ బాధ తప్పే రోజులు వస్తాయి.

పంపిన మూడో రోజునే ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చింది. పరీక్షకులు ఇద్దరూ "చాలా బాగుంది" అన్నారు. ఒకాయన కామాలు సరిచూడమన్నాడు, అంతే.

డిసెంబరులో ప్రమోషన్ కమిటీ కూర్చుంటుంది. మూడు పేపర్లు అచ్చులో ఉండాలి, ఇది మూడోది. పన్నెండేళ్ళుగా ఒకటే కుర్చీ అక్కా. నా దగ్గర చదువుకున్నవాడే ఇప్పుడు నాకు పైన కూర్చుని నా సెలవు చీటీ మీద సంతకం పెడుతున్నాడు. వాడు మంచివాడే, లేచి నిలబడి మరీ పెడతాడు. అదే ఇంకా తల కొట్టేసినట్టుంటుంది.

బావకి కూడా చూపించు. పుస్తకాల పురుగు అని ఊరికే అనలేదని తెలుస్తుంది.

నీ తమ్ముడు


ఇల్లు, వంటగది బల్ల
జూన్ 20

పండితుడా,

చచ్చినట్టే చదివాను. మొదటి పేజీ మూడుసార్లు, మిగతా అయిదూ ఒక్కోసారి. మీ బావ కళ్ళజోడు తుడుచుకుని మొత్తం చదివి, "నాకు వాడి పేరు బాగా అర్థమైంది" అన్నారు. ఆ పేజీ టీవీ పక్కన నిలబెట్టారు. పిల్లది అది పడిపోకుండా వెనకాల కుంకుడుకాయల డబ్బా ఆనించింది.

ఆసుపత్రికి కూడా పట్టుకెళ్ళాను. మా పనిముట్ల గదిలో నలుగురం ఉంటాం కదా, నలుగురూ చూశారు. డ్రెస్సింగ్ గది వాళ్ళు చూశారు. ఎవరిదిది అని అడగడం ఆలస్యం, "మా తమ్ముడు రాశాడు" అంటున్నాను. రోజు మొత్తంలో ఎన్నిసార్లు అన్నానో నాకే లెక్క తెలీదు. చివరికి లిఫ్టు నడిపే ఆయన కూడా "మీ తమ్ముడు రాశాడటగా" అన్నాడు.

మేట్రన్ గారు ఒక కాపీ తీసుకున్నారు. ఆవిడ బాధ నీకు తెలీదు. ఉన్నది ఒక్క ఆవిరి యంత్రం, దానికి వయసు మీద పడింది. పొద్దున్న పదకొండయ్యేసరికి డ్రెస్సింగ్ గది నుంచి "కత్తెరలేవి, పట్టకార్లేవి" అని ఒకటే కేకలు. పది నిమిషాల మాట చదివి ఆవిడ నిజంగానే లేచి నిలబడ్డారు.

ప్రమోషన్ వచ్చాక నీ శిష్యుణ్ణి ఏం ఏడిపించకు. లేచి నిలబడేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

సంతోషంగా ఉందిరా. ఊరికే వేళాకోళం ఆడుతున్నాను గానీ చాలా సంతోషంగా ఉంది.

అక్క


కాలేజీ క్వార్టర్స్
జూలై 14

అక్కకి,

కంపెనీ మనిషి కాలేజీకి వచ్చాడు. టై కట్టుకుని, చేతిలో పెద్ద సంచీ. "మీ అక్కగారి ఆసుపత్రిలో మీ పేపరు చూశాం సార్, అందులో ఇంత గట్టిగా రాస్తారని మేమే అనుకోలేదు" అన్నాడు. ముప్పై ఒక్క ఆసుపత్రులకి కాపీలు పంచాడట. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి మరీ అతనికి పరిచయం చేశారు. ఇన్నాళ్ళూ ఆయనకి నా పేరు సరిగ్గా గుర్తుండేది కాదు.

ల్యాబులో అటెండరు తాతకి కూడా పేపరు చూపించాను. కత్తెరలు ముంచిందీ తీసిందీ ఆయనే కదా. కాగితం కళ్ళకి అద్దుకుని, "నా పేరు ఎక్కడుంది బాబూ?" అన్నాడు. చివర కృతజ్ఞతల్లో కూడా పెట్టలేదు, మరిచిపోయాను. వచ్చే పేపర్లో పెడతానన్నాను.

మీ ఆసుపత్రిలో మందు వాడటం మొదలుపెట్టారా? నువ్వేం రాయలేదు.

నీ తమ్ముడు


పనిముట్ల గది
ఆగస్టు 19

తమ్ముడికి,

డ్యూటీలో ఉండి రాస్తున్నాను, ఎక్కువ రాయలేను. నీ పేపర్లో నాకు కావలసినవి మూడు దొరకలేదు. మళ్ళీ మళ్ళీ చదివాను, అయినా దొరకలేదు.

ఆ పది నిమిషాలు ఎవరు చూశారు? గడియారం ఏది? ముంచినప్పుడు టైం, తీసినప్పుడు టైం ఎక్కడన్నా రాసుకున్నారా?

వెంటనే జవాబు రాయి.

అక్క


కాలేజీ క్వార్టర్స్
ఆగస్టు 27

అక్కా,

పరీక్షకులకి రాని సందేహం నీకొచ్చిందన్నమాట.

పేపర్లో "పది నిమిషాలు" అని ఉంటే పది నిమిషాలే. ఎవరు చూశారు, ఏ గడియారం అని ప్రతి పేపర్లోనూ రాసుకుంటూ పోతే అది పరిశోధన అవదు, పెళ్ళి పద్దులవుతుంది. ఇద్దరు నిపుణులు చదివి ఒప్పుకున్నారు. మీ గదిలో పద్ధతి వేరు, సైన్సు పద్ధతి వేరు. ఒక్క ఏడాది ట్రైనింగ్ చేసినంత మాత్రాన అన్నీ తెలిసిపోవు.

కమిటీకి ఇంకా నాలుగు నెలలు కూడా లేదు. ఇప్పుడు నువ్వు ఇలాంటివి రాసి నా మనసు పాడుచెయ్యకు. అక్కడ ఏమైనా తేడా వచ్చి ఉంటే మందు కలిపినవాళ్ళు సరిగ్గా కలపలేదని చూసుకోండి. డబ్బా మీద వివరంగా ఉంటుంది.

ఉంటాను.


ఇల్లు
సెప్టెంబరు 4

తమ్ముడికి,

మందు కలిపింది నేనే. డబ్బా మీద ఉన్నట్టే కలిపాను. గ్లాసు గీత దగ్గర కన్ను పెట్టి కొలిచాను.

ఒక్క ఏడాది ట్రైనింగ్ అన్నావు. నిజమే. ఆ ఏడాదిలో మొదటి రోజు మాకు నేర్పింది ఒక్కటే. ప్రతి ట్రే మీద ఒక చీటీ. చీటీలో మూడు గడులు: పెట్టిన టైం, తీసిన టైం, చూసినవాళ్ళ సంతకం. మూడింట్లో ఒక్కటి లేకపోయినా ఆ ట్రే గది దాటకూడదు. ఇరవై మూడేళ్ళలో సంతకం లేని ట్రేని నేను బయటికి పంపలేదు. ఒకసారి పెద్ద సర్జన్ గారే అరిచారు, అయినా పంపలేదు. అది నీకు తెలుసు, నువ్వే అందరికీ చెప్పి నవ్వేవాడివి.

నీకు రాయనిది ఒకటుంది. జూన్‌లోనే మేట్రన్ గారు నన్ను పిలిచి, "డ్రెస్సింగ్ గది పనిముట్లకి ఆవిరి ఆపేసి ఈ మందు పెడదామా? నీ మాట మీద పెడతాను" అన్నారు. పెట్టమన్నాను. సంతకం కూడా చేశాను. ఎవరు చూశారని నేను అడగలేదు. నీ పేరుంది, అంతే చాలనుకున్నాను. ట్రే అయితే వెనక్కి పంపేదాన్ని, నీ కాగితం కాబట్టి రానిచ్చాను.

జూలై ఒకటిన మొదలుపెట్టాం. ఆగస్టు రెండో వారానికి డ్రెస్సింగ్ గదిలో అయిదుగురికి గాయాలు చీము పట్టాయి. నలుగురికి మందులతో తగ్గింది. అయిదో ఆయన వడ్రంగి. ఉలి జారి చూపుడువేలు తెగితే రెండు కుట్లు వేయించుకుందామని వచ్చాడు. వేలు సగానికి తీసేయాల్సి వచ్చింది. కుడిచెయ్యి.

మా డాక్టర్లు ఆ ఆకుపచ్చ తొట్టిలో నుంచి తీసిన కత్తెరని పరీక్షకి పంపారు. పది నిమిషాలు నానిన కత్తెర. నేనే దగ్గరుండి గడియారం చూశాను. దాని మీద క్రిములు హాయిగా ఉన్నాయి.

ఆవిరికి మళ్ళీ మారిపోయాం. నా మీద విచారణ ఉంది. అది నా సంగతి, నేను చూసుకుంటాను. నీ పది నిమిషాల సంగతి మాత్రం నువ్వే చూడాలి.

అక్క


కాలేజీ ల్యాబు
అక్టోబరు 2

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన వారం రోజులూ ఎవరి మీదో ఒకరి మీద కోపంగానే ఉన్నాను. ముందు నీ మీద, తర్వాత కంపెనీ మీద. ఎనిమిదో రోజు ల్యాబుకి వెళ్ళి, "తాతా, అప్పుడు ఎలా చేశావో అలాగే ఒకసారి చెయ్యి" అని ఒక మూల స్టూలు వేసుకుని కూర్చున్నాను.

ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. తాత కత్తెరలు మందులో ముంచాడు. చేతులు తుడుచుకున్నాడు. స్టాఫ్ రూముకి వెళ్ళి అందరికీ టీ ఇచ్చాడు. కప్పులు తెచ్చి కడిగాడు, ఇరవై ఆరు కప్పులు. బోర్లించాడు. వచ్చి కత్తెరలు తీశాడు. నా చేతి గడియారంలో నలభై రెండు నిమిషాలు.

ఇంటర్వెల్ పది నిమిషాలే అని టైంటేబుల్లో ఉంది. "ఇంటర్వెల్‌కి ముంచి, అయ్యాక తియ్యి" అని నేనే ఆయనకి చెప్పాను. పేపర్లో పది నిమిషాలని రాశాను. రెండు వందల నలభై సార్లు చేశాం, ఒక్కసారి కూడా నేను అక్కడ లేను. ఎక్కడున్నానంటే స్టాఫ్ రూములో ఉన్నాను. ఆయన ఇచ్చిన టీ తాగుతూ ఉన్నాను.

తాత మీద అరవబోయాను. ఆయన నా మొహంలోకి చూసి, "బాబూ, నాకు టైం చూడమని ఎప్పుడూ చెప్పలేదు కదా మీరు" అన్నాడు.

ఇంతవరకూ పొరపాటు అనుకో. ఇక రాయబోయేది పొరపాటు కాదు.

ఈ పేపరు ముందు వేరే జర్నల్‌కి పంపాను. మంచి జర్నల్. నాలుగు నెలలు ఉంచుకుని ఫిబ్రవరిలో వెనక్కి పంపారు. పరీక్షకుల్లో ఒకాయన రెండు వరుసలు రాశాడు. "నానబెట్టిన సమయాన్ని ఎవరు, ఎలా కొలిచారు? అది తెలిస్తే తప్ప దీన్ని నమ్మలేము." నువ్వు అడిగిందే అక్కా. అక్షరం తేడా లేదు. అందుకే నీ ఉత్తరం చూడగానే నాకు ఒళ్ళు మండింది.

దానికి జవాబు తెలుసుకోవడానికి ఒక్క పూట చాలు. మెట్లు దిగి తాతని అడిగితే సరిపోయేది. అడిగితే ఏం బయటపడుతుందోనని భయం వేసింది. అంతకుముందే ఈ రెండో జర్నల్‌వాళ్ళ నుంచి నాకు వారానికో మెయిల్ వచ్చేది. "మహాశయా, మీ అమూల్య పరిశోధన కోసం ఎదురుచూస్తున్నాము." అలాంటివి అందరికీ వస్తాయి, చూసి తుడిచేస్తాం. ఆ రోజు మాత్రం తుడవలేదు. వాళ్ళ వెనకటి సంచిక తిరగేశాను. ఒకే సంచికలో వంతెనల మీద ఒక పేపరు, పసిపిల్లల నిద్ర మీద ఒకటి, వేరుశెనగ తెగుళ్ళ మీద ఒకటి. అది ఎలాంటి దుకాణమో అప్పుడే తెలిసిపోయింది. అడిగిన రుసుము కట్టేశాను. వాళ్ళు ఒక్క ప్రశ్న కూడా అడగరని తెలిసే కట్టాను.

పరీక్షకులు ఇద్దరని నీకు రాశాను కదా. నాకైతే ఒక్కరు కూడా చదివినట్టు అనిపించలేదు. నాలుగో పేజీలో ఒక పట్టిక తలకిందులుగా పడింది, అలాగే అచ్చయింది.

ఒక్క ఏడాది ట్రైనింగ్ అన్న మాటకి సిగ్గుగా ఉంది. క్షమించమని అడిగే మొహం కూడా లేదు.

తమ్ముడు


ఇల్లు
అక్టోబరు 13

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి గిన్నెలు తోమాను. మళ్ళీ చదివి బట్టలు మడతపెట్టాను. కోపం తగ్గలేదు. ఎదురుగా ఉంటే వీపు విమానం మోత మోగించేదాన్ని.

ఆ రెండు వరుసలు రాసినాయన ఎవరో గానీ నీకు అంతకంటే మేలు ఎవరూ చెయ్యలేదు. నువ్వు ఆయన్ని వదిలేసి, "చాలా బాగుంది" అన్నవాళ్ళ దగ్గరికి పోయావు. నేను కూడా ఆ పనే చేశాను, కాబట్టి నిన్ను అనే హక్కు సగమే ఉంది.

విచారణ అయిపోయింది. "కాగితం ఎవరు తెచ్చారు?" అన్నారు, నేనే అన్నాను. "చదివి అర్థం చేసుకునే తెచ్చారా?" అన్నారు, పేరు చూసి తెచ్చానన్నాను. మేట్రన్ గారు తప్పు తన మీద వేసుకోబోయారు, వద్దన్నాను. పనిముట్ల గది నుంచి తీసి దుప్పట్లు, పక్కగుడ్డల గదికి వేశారు. జీతం అదే. దుప్పటి లెక్క పెట్టడం వచ్చినవాళ్ళెవరైనా చెయ్యొచ్చు ఆ పని. మొదటి రోజు అలవాటుకొద్దీ దుప్పట్ల కట్ట మీద కూడా చీటీ పెట్టి టైం వేశాను. అక్కడి అమ్మాయి వింతగా చూసింది.

వడ్రంగి ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. ఇంటి ముందు సగం చేసిన తలుపు గోడకి ఆనించి ఉంది. రంపం పట్టగలుగుతున్నాడు, సన్నని చెక్కడం పని మాత్రం ఇక కుదరదట. నేనెవరో, ఏం చేశానో చెప్పాను. పూర్తిగా విన్నాడు. తర్వాత, "ఆ మందు ఇంకా ఎక్కడన్నా వాడుతున్నారా అమ్మా?" అన్నాడు.

కంపెనీ మనిషి దగ్గరికి వెళ్ళి కూర్చుని, కదలకుండా కూర్చుని, ముప్పై ఒక్క ఆసుపత్రుల జాబితా రాబట్టాను. దీనితో పంపుతున్నాను. నీ పేపరు చూపించే ఇప్పటికీ మందు అమ్ముతున్నాడు.

ఏం చేస్తావో చెయ్యి. కమిటీ డిసెంబరులో అని నాకు గుర్తుంది. అది గుర్తుండే రాస్తున్నాను.

అక్క


కాలేజీ క్వార్టర్స్
డిసెంబరు 9

అక్కకి,

ముందు జర్నల్ సంగతి. పేపరు తీసెయ్యమని రాశాను. జవాబు మూడు రోజుల్లో కాదు, మూడు గంటల్లోనే వచ్చింది. తీసెయ్యాలంటే మళ్ళీ రుసుము కట్టాలట, వేసినదానికి రెట్టింపు. "తప్పు ఉంది, మనుషులకి హాని జరుగుతోంది" అని రాశాను. "మహాశయా, మీ తదుపరి అమూల్య పరిశోధన కోసం ఎదురుచూస్తున్నాము" అని వచ్చింది. ఇంకా నాలుగుసార్లు రాశాను. పేపరు అక్కడే ఉంది. అది ఇక పోదు.

తాతా నేనూ ప్రయోగం మొదటి నుంచి చేశాం. నోటుపుస్తకంలో నీ మూడు గడులూ గీశాను. పది నిమిషాలకి సగానికి సగం క్రిములు బతికే ఉన్నాయి. నలభైకి చచ్చాయి. అంటే మీ ఆవిరి యంత్రం కంటే ఆ మందు మిగిల్చేది అయిదు నిమిషాలే. ప్రతి పేజీలో ఇద్దరం సంతకం చేశాం. తాత సంతకం నా సంతకం కంటే బాగుంటుంది. ఇంటర్వెల్లో టీ ఇప్పుడు ఎవరిది వాళ్ళే తెచ్చుకుంటున్నారు, దానికి నన్ను తిట్టుకుంటున్నారు.

కమిటీ నిన్న కూర్చుంది. ఫారంలో మూడు పేపర్లూ ఉన్నాయి. మూడోది తీసెయ్యండి, అది తప్పు అన్నాను. అధ్యక్షుడు కాగితాల మీంచి తలెత్తి, "అచ్చయింది కదండీ, ఇంకేం? ఇక్కడ ఎవరిది ఏ జర్నల్‌లో వచ్చిందో మేం తవ్వుతున్నామా?" అన్నాడు. పక్కాయన నా చెవిలో, "మాస్టారూ, ఊరుకోండి, అందరివీ అలాంటివే" అన్నాడు. నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం ఊరుకుందామనే అనిపించింది. పెన్ను తీసుకుని నేనే కొట్టేశాను. రెండు మిగిలాయి. వచ్చే ఏడాది చూద్దాం అన్నారు.

ఇక నీ జాబితా. మెయిల్ పంపితే ఆఫీసులో ఎవరో తుడిచేస్తారు. అందుకని ముప్పై ఒక్క ఉత్తరాలూ చేత్తో రాశాను, ఒక్కోటి రెండు పేజీలు. నకలు తీస్తే నమ్మరేమో అనిపించింది. ఆదివారాలు నాలుగు పట్టింది. డైరెక్టర్ల పేరు మీద కాదు, పనిముట్ల గది ఇన్‌ఛార్జి పేరు మీద పంపాను. చదివేది వాళ్ళేనని నాకిప్పుడు తెలుసు.

మధ్యలో ఒక రోజు పని ఉండి సెలవు పెట్టాను. నా శిష్యుడే లేచి నిలబడి సంతకం పెట్టాడు. ఈసారి తల కొట్టేసినట్టు అనిపించలేదు.

నీ తమ్ముడు


దుప్పట్ల గది
డిసెంబరు 23

తమ్ముడికి,

ఆ ఒక రోజు పని ఏమిటో నాకు తెలిసింది. వడ్రంగి ఆయన చెప్పాడు. "మీ తమ్ముడట, వచ్చాడు. గంటసేపు కూర్చున్నాడు, నాలుగు మాటలు మాట్లాడాడు. రెండు మాటలు చెప్పాక ఏడ్చాడు, నేనే మంచినీళ్ళిచ్చాను" అన్నాడు. క్షమించాడా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నువ్వు పంపిన ఉత్తరాల గురించి చెప్తే, "ముప్పై ఒకటీనా?" అని మళ్ళీ అడిగి తలూపాడు. ఇంత దూరం వచ్చి ఇంటికి రాకుండా పోతావా? మీ బావ బాధపడ్డారు. నేను చాలా బాధపడ్డాను.

టీవీ పక్క నుంచి ఆ పేజీ తీసేశాం. కుంకుడుకాయల డబ్బా మాత్రం అక్కడే ఉంది.

మా పాత గది జాబితాలో మొదటి పేరు కదా, మాకూ ఒక ఉత్తరం వచ్చింది. నా తర్వాత వచ్చిన ఇన్‌ఛార్జి అమ్మాయి విప్పి చదివింది. "అమ్మా, నమస్కారం. మీరు నన్ను ఎరుగరు" అని మొదలుపెట్టావు. ముప్పై ఒకటీ ఒకే ధోరణిలో రాసి ఉంటావు, చెయ్యి అలా పోయి ఉంటుంది. పుట్టి బుద్ధెరిగాక నా కుర్చీని మీరు అనడం ఇదే మొదటిసారి. నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది.

ఆ అమ్మాయి సాయంత్రం ఉత్తరం పట్టుకుని దుప్పట్ల గదికి వచ్చింది. మిగతా ఆసుపత్రుల్లో తెలిసినవాళ్ళకి ఫోన్ చేసిందట. ఆరుచోట్ల ఉత్తరం అందిన రోజే మందు తొట్టి పారబోశారు. తొమ్మిదిచోట్ల పైవాళ్ళని అడుగుతామన్నారు. మిగతావి తెలీదు, ఒక్కొక్కటీ కనుక్కుంటోంది. నీ రెండు పేజీలూ ఇదివరకు తొట్టి ఉన్న చోట గోడకి అంటించిందట. చివర్లో రాశావు కదా, "పది నిమిషాలని నేను రాసింది తప్పు. ఆ సమయం ఎవరూ చూడలేదు. నేను చూడలేదు" అని. ఆ వరుసల కింద ఎర్ర పెన్నుతో గీత గీసింది.

"ఇలా కూడా ఎవరైనా రాసుకుంటారా మేడమ్? మీకు తెలిసినాయనా?" అని అడిగింది.

చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తిచేసి చెప్పాను. మా తమ్ముడు రాశాడు.

అక్క